తొమ్మిదో నంబరు తాళం

జూన్ 2

ఒరేయ్ వచ్చేస్తున్నా,

నీ అసలు పేరుతోనే మొదలుపెడదామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఏ పని చెప్పినా ఫోన్లో "వచ్చేస్తున్నా అక్కా" అంటావు, అప్పటికి దుప్పట్లోంచి కాలు కూడా బయటపెట్టి ఉండవు. ఈ పేరు పెట్టింది మీ బావ. ఆయన పోయి ఐదేళ్ళయింది గానీ పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అంటావేమో. ఫోన్లో నువ్వనే "సరే"కి సాక్ష్యం ఉండదు. కాగితం మీద రాస్తే రేపు నీ మొహాన పెట్టి చూపించొచ్చు. కాబట్టి జవాబు కూడా కాగితం మీదే రాయి. ఫోన్ చేశావంటే పెట్టేస్తాను.

ఇక అసలు సంగతి. పొత్తికడుపు పక్కన గడ్డలా పొడుచుకొస్తోందని చెప్పాను కదా, హెర్నియా అట. "బరువులెత్తే పనా అమ్మా?" అన్నాడు డాక్టరు. లేదండీ, యూనిఫారాల షెడ్డులో కటింగ్ మాస్టర్ని, బట్ట కోస్తాను అన్నాను. "మరి ఇంట్లో?" అన్నాడు. ఇంట్లో ఉందిగా నీ మేనకోడలు మహారాణి. పన్నెండేళ్ళొచ్చాయి, ముప్పై ఎనిమిది కిలోలు. కాళ్ళకి సత్తువ రాదని నీకు తెలుసు, నాలుగో అంతస్తుకి డెబ్బై రెండు మెట్లనీ తెలుసు. పొద్దున దించాలి, సాయంత్రం ఎక్కించాలి. బిల్డరు లిఫ్టు కోసం గుంట తవ్వించి చేతులు దులుపుకుని పోయాడు. ఇప్పుడందులో చీపుర్లు పెట్టుకుంటున్నారు. తమ్ముడేమో లిఫ్టు మెకానిక్కు, అక్కకేమో లిఫ్టు గుంటలో చీపుర్లు.

ఆపరేషన్ జూన్ 22, సోమవారం. తర్వాత మూడు నెలలు బిందె కూడా ఎత్తకూడదట. నిన్ను రమ్మని అడగట్లేదు. అడగొచ్చా అని అడుగుతున్నాను.

ఎందుకలా అంటున్నానో నీకు తెలుసు. రెండేళ్ళ క్రితం దాని స్కాలర్‌షిప్ పరీక్ష. నాకు ఆరింటికే షిఫ్టు, సెలవు దొరకలేదు. ఏడింటికల్లా వచ్చి దించుతానన్నావు. పిల్ల బూట్లు వేసుకుని, పెన్సిళ్ళు చెక్కుకుని, మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుంది. పదకొండింటికి నేను షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అక్కడే ఉంది. కింద దించి ఆటోలో తీసుకెళ్ళాను, గేటు మూసేశారు. ఆ రోజు నువ్వెక్కడున్నావో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు చెప్పకు.

ఆ రోజు నుంచి అది బూట్లు ముందుగా వేసుకోదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. దించే మనిషి వచ్చి ఎదురుగా నిలబడితేనే వేసుకుంటుంది. ఆ మనిషిని నేనే అయినా సరే, వంటింట్లోంచి పదడుగులు నడిచి వచ్చేదాన్నే అయినా సరే, అంతే. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పాలనిపించింది.

అడగొచ్చో లేదో రాయి.

మీ అక్క

*

జూన్ 6

అక్కకి,

నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. మళ్ళీ మండింది. జవాబు కూడా అదే వరుసలో వస్తుంది, ఏమనుకోకు.

అడగొచ్చా అని అడగడమేమిటి? నేనేమైనా పరాయివాణ్ణా? కడుపులో పేగు బయటికొస్తోంటే తమ్ముడికి దరఖాస్తు పెట్టుకుంటారా ఎవరైనా? ఇలా అడిగేకంటే నాలుగు తిట్టు, పడతాను. పరీక్ష రోజు ఎక్కడున్నానో చెప్పొద్దన్నావు, చెప్పను. చెప్పుకునేంత కారణమూ లేదు. బూట్ల సంగతి మాత్రం రెండు రోజుల నుంచి మింగుడుపడట్లేదు.

నేను మారానని రాస్తే నువ్వు నవ్వుతావు. అందుకని ఒక వస్తువు సంగతి రాస్తాను.

ఇక్కడ చేరి పద్నాలుగు నెలలైంది. మా పెద్ద మేస్త్రీ మనిషి పొట్టి, గొంతు మాత్రం పదో అంతస్తు దాకా వినిపిస్తుంది. పోయిన నెల నాకో తాళం ఇచ్చాడు. ఎర్ర తాళం, మీద 9 అని చెక్కి ఉంది. లిఫ్టు గుంటలోకి దిగే ముందు పైన మెషిన్ రూములో మెయిన్ స్విచ్ ఆపేసి, దానికి ఈ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. తాళం ఉన్నంతసేపు లోపల మనిషి ఉన్నట్టే లెక్క. వేసినవాడే తియ్యాలి. ఓనరు వచ్చి గదమాయించినా చెవి ఇవ్వకూడదు. ఎవడో తెలియక స్విచ్ వేస్తే లోపలున్నవాడు నుజ్జయిపోతాడు. చేరిన మొదటి వారమే ఎవరికీ తాళం ఇవ్వరు. పదమూడు నెలలు నేను వేరేవాళ్ళ తాళాన్ని నమ్ముకుని గుంటలోకి దిగాను. ఇప్పుడు ఇద్దరు నా తాళాన్ని నమ్ముకుని దిగుతున్నారు. మొదటి రోజు మూడు సార్లు పైకెళ్ళి లాగి చూసుకున్నాను. మేస్త్రీ చూసి తన పని తను చూసుకున్నాడు. తిట్టకపోవడమే ఆయన మెచ్చుకోలు.

జూన్ 21 ఆదివారం పొద్దున మీ ఇంట్లో ఉంటాను. మూడు నెలలూ ఉంటాను. లిఫ్టుల పని మీ ఊళ్ళోనూ ఉంది, మా కంపెనీవాళ్ళదే చిన్న ఆఫీసు, మేస్త్రీతో మాట్లాడాను. ఇదిగో కాగితం మీద రాశాను, సంతకం పెట్టాను, దాచుకో.

ఒక్కటే అడుగుతున్నా. నన్ను పిలిచాక ఇంకొకరిని పిలవకు.

నీ తమ్ముడు

*

జూన్ 10

ఒరేయ్,

సరే. రా.

సంతోషించానని రాయను. వచ్చాక సంతోషిస్తాను. ఈలోగా నేర్చుకో. దాన్ని చంకల కింద చేతులు పెట్టి ఎత్తావంటే కరుస్తుంది, నిజంగానే. ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒకటి వీపు వెనక. ఎడమ పాదం మెట్ల కమ్మీకి తగులుతుంది, నువ్వు గోడవైపు ఒరిగి దిగాలి. మూడో అంతస్తు మలుపులో ఎవరో సైకిల్ పెడతారు. ఎన్నిసార్లు చెప్పినా పెడతారు. నా తరఫున ఒకసారి గట్టిగా అరిచిపెట్టు, నేను అరిచి అరిచి విసిగిపోయాను. దారిలో ఆగి ఊపిరి తీసుకున్నావంటే "బరువున్నానా మామయ్యా" అని అడుగుతుంది. అప్పుడు జోకులెయ్యకు. ఏమీ లేదని చెప్పు, చాలు.

నీ ఎర్ర తాళం సంగతి దానికి చదివి వినిపించాను. "తాళం వేసి మామయ్య నిద్రపోతే లిఫ్టు ఎవరు తీస్తారు?" అంది. నువ్వొచ్చి నువ్వే చెప్పుకో.

ఏ బస్సు, ఎన్నింటికి, ఏ సీటు, అన్నీ రాయి. సీటు నంబరు ఎందుకంటే, టిక్కెట్టు కొన్నవాడికే సీటు నంబరు ఉంటుంది.

అక్క

*

జూన్ 16

అక్కా,

సీటు నంబరు కావాలన్నావుగా. పన్నెండు, కిటికీ పక్క. రద్దు చేయించాను.

స్కూలు బస్సు గేటు ముందు ఆగుతుందా, సందు చివరా అని తెలుసుకుందామని మీ కింది వాటా డ్రైవరుకి ఫోన్ చేశాను. నిన్నడిగితే పెట్టేస్తావు కదా మరి. ఆయన "మీరు కూడానా?" అన్నాడు. మీరు కూడా ఏమిటండీ అన్నాను. "మీ అక్కగారు మూడు నెలలకీ నాకు చెప్పేశారు కదా. ఇంటి తాళంచెవి కూడా ఇచ్చారు" అన్నాడు. ఎప్పుడిచ్చారు అంటే పదకొండో తారీఖున అట. పదో తారీఖున నాకు "సరే, రా" అని రాశావు. ఒక్క రోజైనా ఆగలేకపోయావు.

నువ్వు మారవక్కా. నేను మారలేదని అందరికీ చెబుతావు గానీ, మారనిది నువ్వు.

నాకు పదిహేడేళ్ళు, గుర్తుందా? అమ్మకి ఊపిరందట్లేదు. మందుల చీటీ ఇచ్చి పరుగెత్తమన్నావు. పరుగెత్తాను. నిజంగా, చెప్పులు కూడా లేకుండా. షాపులో వరుస. నా ముందు ముగ్గురు. మొదట నిలబడ్డది మన పక్కింటి కండక్టరు. చేతిలో చీటీ, అవే మందులు, నీ చేతిరాత. నా వెనకాలే ఆయన్ని సైకిల్ మీద పంపావు, ఆయన నన్ను దాటి వచ్చేశాడు. ఆయన మందులు తీసుకుని నన్ను చూసి తల పంకించాడు. నేను వరుసలోంచి బయటికొచ్చేశాను. సినిమాకి వెళ్ళాను. ఇంటికొచ్చాక నువ్వేమన్నావో తెలుసా? "నాకు ముందే తెలుసు" అన్నావు.

ఆ తర్వాత నువ్వు చెప్పిన ఏ పనికీ నేను పరుగెత్తలేదు. ఎందుకు పరుగెత్తాలి? నా వెనకాల ఎవడో ఒకడు సైకిల్ మీద వస్తూనే ఉంటాడుగా. పరీక్ష రోజు కూడా అదే అనుకున్నాను. అక్క ఎవరికో చెప్పే ఉంటుందిలే అనుకుని పడుకున్నాను. ఇప్పుడు చెబుతున్నా, వద్దన్నా సరే.

కాబట్టి ఆ డ్రైవర్నే మొయ్యమను. నమ్మకస్తుడు, తాళంచెవి కూడా ఉంది. నేను రాను. మేస్త్రీకి సెలవు వద్దని చెప్పేశాను.

నీకేం తక్కువ, నీకెప్పుడూ రెండో మనిషి ఉంటాడు.

తమ్ముడు

*

జూన్ 16

ఒరేయ్ తమ్ముడూ,

ఒక తప్పు చేశాను, రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టదు. నీకు రమ్మని రాసిన మర్నాడే కింది వాటా డ్రైవరుకి చెప్పి ఉంచాను. నువ్వు రాకపోతే ఎలా అని. పాత అలవాటు. మా టేబుల్ మీద ఎనభై పొరల బట్ట పరిచి ఒక్కసారే కోస్తాం. గీత తప్పితే ఎనభై చొక్కాలు పోతాయి. నేను కోసే ముందు రెండో మనిషి చేత గీత చూపించుకుంటాను. మనుషుల విషయంలో కూడా అలాగే చేసుకుంటూ వచ్చాను.

నిన్న నీ తాళం ఉత్తరం మళ్ళీ చదివాను. లోపలున్న మనిషి పైన వేసిన తాళాన్ని నమ్ముకుని దిగుతాడని రాశావు. రెండో తాళం సంగతి ఎక్కడా రాయలేదు.

ఈ పొద్దున కిందికి దిగి డ్రైవరుతో వద్దని చెప్పాను. తాళంచెవి వెనక్కి తీసుకున్నాను. ఆయన అదోలా చూశాడు. మెట్లెక్కుతూ రెండు సార్లు వెనక్కి తిరిగాను, నవ్వకు. ఆయన 20 నుంచి వేరే ఊరి ట్రిప్పు ఒప్పేసుకున్నాడు కూడా, నాలుగు రోజులు ఉండడు.

అంటే ఏమిటో అర్థమైందా? నువ్వు రాకపోతే ఎవరూ లేరు. ఆపరేషన్ వాయిదా వెయ్యనన్నాడు డాక్టరు. ఇప్పటికే ఆలస్యమైందట. నా బతుకులో మొదటిసారి రెండో మనిషిని పెట్టకుండా ఒక పని చేస్తున్నాను. నీకు మంచి చెయ్యాలని కాదు. ఎలా ఉంటుందో చూద్దామని. చాలా భయంగా ఉంది.

సీటు నంబరు ఇంకా రాయలేదు నువ్వు.

అక్క

*

జూన్ 23, పొద్దున ఎనిమిదిన్నర, ఆస్పత్రి గేటు దగ్గర బల్ల మీద

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని నర్సు చెప్పింది. ఆడవాళ్ళ వార్డులోకి సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకే రానిస్తారట. మహారాణి బస్సు వచ్చేది నాలుగున్నరకి. అందుకని ఈ చీటీ మీ వార్డు ఆయాకి ఇస్తున్నాను.

మహారాణి బాగానే ఉంది. నిన్నటి నుంచి రెండు సార్లు దించాను, ఒకసారి ఎక్కించాను. మూడో అంతస్తు సైకిల్ మీద అరిచాను. ఆ అరుపుకి పిల్ల నవ్వి నవ్వి జారిపోబోయింది. బూట్లు ఒళ్ళోనే పెట్టుకుంటోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాకే వేసుకుంది, రెండు సార్లూ.

ఆదివారం నువ్వు తలుపు తీసినప్పుడు నీకు రెండు విషయాలు చెప్పలేదు.

ఒకటి. నీ ఉత్తరం నాకు శనివారం మధ్యాహ్నం అందింది. దానికి నాలుగు రోజుల ముందే నేను నీకొక ఉత్తరం పోస్టు చేశాను. అది నిన్న మీ ఇంటికొచ్చింది. పోస్టుమాన్ నా చేతిలోనే పెట్టాడు. నా రాత నేనే చూసుకున్నాను. చింపేద్దామనుకున్నాను. పొయ్యి దగ్గర దాకా వెళ్ళాను. చింపలేదు. ఈ చీటీతోపాటే పెడుతున్నాను, చదువు. కుట్లు లాగుతాయేమో, కూర్చుని చదవకు.

రెండోది ఇంకా పెద్దది. శనివారం నేను పదంతస్తుల బిల్డింగులో పనిలో ఉన్నాను. తలుపుల పని, నేనొక్కణ్ణే. నా గదిలో ఉండేవాడు నీ ఉత్తరం పట్టుకొచ్చాడు. "ఎవరూ లేరు" అన్న చోట ఆగి గడియారం చూశాను. ఒంటిగంటన్నర బస్సు తప్పితే ఆదివారానికి చేరలేను. సామాన్లు అక్కడే పారేసి పరుగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎక్కడికి అంటే "వచ్చేస్తున్నా" అన్నాను. అలవాటు. బస్టాండు నుంచి మేస్త్రీకి ఫోన్ చేస్తే "వెళ్ళు, తాళం తీశావుగా?" అన్నాడు. ఆఁ అన్నాను. బస్సు మూడో స్టాపు దాటాక టిక్కెట్టు కోసం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది.

అప్పుడే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. చేస్తే దిగి వెనక్కి రమ్మంటారని. ఆదివారం కూడా చెయ్యలేదు. నిన్న పిల్లని బస్సెక్కించాక చేశాను. ఆదివారం ఆఫీసు మూసి ఉంటుంది, ఆ పొద్దున తెరవగానే జనం వచ్చి మేస్త్రీ మీద పడ్డారట. రెండు రోజులు లిఫ్టు లేదు. తాళం ఉంది కాబట్టి లోపల మనిషి ఉన్నాడేమోనని ఎవరూ ముట్టుకోలేదు. వాచ్‌మన్ నేను వచ్చేస్తానని అందరికీ చెబుతూ కూర్చున్నాడట. నేను లోపల లేనని నా నోటితో చెప్పాక తాళం కోశారు.

ఏడో అంతస్తులో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఉంటాడు. ప్రతి ఆదివారం పదింటికి కిందికి దిగి, ఎదురుగా మంగలి షాపు ముందు తన స్నేహితుడితో కూర్చుంటాడు. ఆ స్నేహితుడు పాత గడియారాలు బాగుచేసేవాడట. మొన్న ఆదివారం ఆయన ఊరు విడిచి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, ఇక రాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని లిఫ్టు తలుపు ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. స్నేహితుడు ఏడంతస్తులు ఎక్కలేక రోడ్డు మీద నుంచి చెయ్యి ఊపాడట. పైనుంచి ఈయనకి కనిపించలేదట. మేస్త్రీ ఇది అరవకుండా చెప్పాడు.

ఇప్పుడు తిట్టు.

తమ్ముడు

*

జూన్ 24, వార్డు నుంచి

ఒరేయ్,

ఆయా దగ్గర పెన్సిల్ అడుక్కుని రాస్తున్నాను. గట్టిగా అరిస్తే కుట్లు తెగుతాయన్నారు, లేకపోతే నా అరుపు నీకు అక్కడికే వినిపించేది.

ఎంత పని చేశావురా! నా కూతుర్ని దించడానికి ఇంకొకరి తండ్రిని గుమ్మంలో కూర్చోబెట్టి వస్తావా? నేనడిగానా అలా రమ్మని? తాళం మరిచిపోయావు, సరే, మనిషివి. మూడో స్టాపులో తాళంచెవి చేతికి తగిలింది కదా. అక్కడి నుంచి సోమవారం పొద్దుటి దాకా మరుపు కాదు అది. అది నువ్వే. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నావు. నేనా బిల్డింగులో లేను కదా, నీ వెనక సైకిల్ మీద మనిషిని పంపడానికి!

ఒక్కటి మాత్రం ఆలోచించాను. దిగి వెనక్కి వెళ్ళుంటే ఇక్కడ నేనేం చేసేదాన్ని? తెలియదు. అయినా ఫోన్ చేస్తే వెనక్కి రమ్మంటారని ఎందుకనుకున్నావు? "తాళం వేసి వచ్చేశాను, లోపల నేను లేను, కొయ్యండి" అంటే సరిపోయేది. సోమవారం ఫోన్లో అన్నది అదేగా? శనివారం అనడానికి నోరు పెగల్లేదు నీకు. తాళం పోతుందని.

ఇక నీ ఇంకో ఉత్తరం. పడుకునే చదివాను.

అవును, కండక్టర్ని పంపాను. నాకప్పుడు ఇరవై ఏడు. అమ్మ నీలంగా మారిపోతోంది. నువ్వు వెళ్ళి ఐదు నిమిషాలైనా కాలేదు, చేతులాగక ఇంకో చీటీ రాశాను. నువ్వసలు షాపుకే వెళ్ళలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చెప్పుల్లేకుండా పరుగెత్తావని ఇప్పుడు తెలిసింది. అప్పుడే ఎందుకు చెప్పలేదురా వెధవా? "నాకు ముందే తెలుసు" అన్నప్పుడు నా మొహం మీద చెప్పాల్సింది, షాపు దాకా వెళ్ళానని. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, ఆ కసి నా మీద తీర్చుకుంటే పరవాలేదు, దాని పరీక్ష మీద తీర్చుకున్నావు.

నా తప్పు నాది. ఒప్పుకుంటున్నాను. దానికి నువ్వు పెట్టుకున్న వడ్డీ మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. రేపు నన్ను ఇంటికి పంపిస్తారు. శుక్రవారం పిల్లని బస్సెక్కించి నువ్వు బయల్దేరు. వెళ్ళి మేస్త్రీ ఎదురుగా నిలబడు. ఆ పెద్దాయన ఎదురుగా నిలబడు. శుక్రవారం సాయంత్రానికీ శనివారానికీ రెండో మనిషి కావాలి. ఈసారి నేను పెట్టను. నువ్వే డ్రైవరు ఇంటికి వెళ్ళి, ఎందుకు వెళుతున్నావో ఉన్నదున్నట్టు చెప్పి, ఎలా ఎత్తాలో చూపించి, అడుగు. రెండో మనిషిని పెట్టడం అవమానం కాదురా. చెప్పకుండా పెట్టడం అవమానం. ఇది నాకు కూడా ఇప్పుడే తెలుస్తోంది.

ఆదివారం సాయంత్రం డ్రైవరు మళ్ళీ ట్రిప్పుకి పోతాడు. సోమవారం ఏడింటికి నువ్వు ఇంట్లో లేకపోతే అది బడికి పోదు. అంతే.

అక్క

*

జూన్ 28, ఆదివారం మధ్యాహ్నం, బస్టాండు

అక్కా,

చెప్పిన రెండూ చేశాను.

మేస్త్రీ కోసిన తాళాన్ని బల్ల మీద పెట్టాడు. కొక్కెం రెండు ముక్కలు. ఆరు నెలలు తాళం లేదన్నాడు. మళ్ళీ వేరేవాళ్ళ తాళం కిందే పని. "నువ్వు గుంటలో ఉన్నావనుకుని రెండు రోజులు ఎవడూ స్విచ్ ముట్టుకోలేదు. నీ తాళాన్ని వాళ్ళు అంత నమ్మారు" అన్నాడు. ఎప్పటిలా అరిచి ఉంటే బాగుండేది.

ఈ పొద్దున పదింటికి ఏడో అంతస్తుకి వెళ్ళాను. లిఫ్టులో వెళ్ళలేకపోయాను, మెట్లెక్కాను. పెద్దాయన కుర్చీలోనే తలుపు తీశాడు. ఎవరు కావాలన్నాడు. తాళం వేసినవాణ్ణండీ అన్నాను. "ఎందుకొచ్చావు?" అన్నాడు. నీకు రాసినట్టే అంతా చెప్పాను, మూడో స్టాపు సంగతి కూడా. మేనకోడలి సంగతి చెప్పినప్పుడు మొహం కాస్త మెత్తబడుతుందేమో అనుకున్నాను. మెత్తబడలేదు. "మీ పిల్ల ఎదురుచూసినంతసేపే నేనూ చూశాను" అన్నాడు. "వాడికి ఎనభై ఒకటి. నాకు డెబ్బై తొమ్మిది. నీ క్షమాపణతో నేనేం చేసుకోను?" అని తలుపు వేసేశాడు.

నేను అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. ఏడవలేదు. ఆయన మీద కూడా కోపం వచ్చింది, అబద్ధమెందుకు. కాసేపటికి తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను పలకరించకుండా లిఫ్టు దాకా వెళ్ళి, మీట నొక్కి, నాకేసి చూశాడు. "పని చేస్తుందా?" అన్నాడు. చేస్తుందండీ అన్నాను. "నువ్వు కూడా ఎక్కు" అన్నాడు. కింద దిగాక తనే కుర్చీ తోసుకుంటూ వెళ్ళాడు. మంగలి షాపు ముందు ఒక్కడే కూర్చున్నాడు. నేను బస్టాండుకి వచ్చేశాను.

క్షమించలేదక్కా. క్షమిస్తాడని వెళ్ళలేదులే. కాస్త అదే అనుకుని వెళ్ళాను.

ఇది ఇక్కడే డబ్బాలో వేస్తాను. ఉత్తరం నీకు బుధవారానికి చేరుతుంది. నేను రేపే చేరతాను. ఎప్పుడూ మాట ముందు వచ్చేది, నేను వెనక. ఈసారికి నేను ముందు వస్తాను, మాటల్ని మెల్లగా రానీ.

బస్సు రెండింటికి. సీటు ముప్పై ఒకటి, చక్రం మీద. నిద్ర పట్టదు, మంచిదే.

తమ్ముడు

*

సెప్టెంబర్ 27

తమ్ముడూ,

నువ్వు వెళ్ళి నాలుగు రోజులు. చేరినట్టు ఫోన్ చేశావు, నేను పెట్టేశాను. మర్యాదగా ఉత్తరం రాయి.

నిన్న నేనే దించాను, డాక్టరు ఒప్పుకున్నాడు. రెండో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుంటే "మామయ్య ఇక్కడ ఆగడు" అంది. మూడు నెలలు మోసి నువ్వు చెడగొట్టింది ఇది. మూడో అంతస్తులో సైకిల్ లేదు. అక్కడ గోడ మీద నువ్వు రాసిన బూతు చెరపడానికి నాకు అరపూట పట్టింది.

నీ మీద నాకు కోపం పోలేదు. ఆ పెద్దాయన గుర్తొచ్చినప్పుడల్లా వస్తుంది. పరీక్ష గుర్తొస్తే ఇంకా వస్తుంది. మందుల షాపు గుర్తొస్తే మాత్రం నా మీద నాకే వస్తుంది, అది కొత్త. మూడు నెలల్లో తొంభై సార్లు పోట్లాడుకున్నాం, ఒక్కసారైనా మనలో ఎవరూ "నాకు ముందే తెలుసు" అనలేదు. గమనించావా?

డిసెంబరు 7 సోమవారం నాకు మళ్ళీ డాక్టరు దగ్గర పని ఉంది, పొద్దున్నే. దాన్ని దించాలి. డ్రైవరుకి చెప్పలేదు. నిన్ను నమ్మానని గాల్లో తేలకు, ఆయన ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. నువ్వు రాలేకపోతే ముందే రాయి, ఇద్దరం కలిసి ఇంకొకరిని చూద్దాం. రాగలిగితే సీటు నంబరు రాయి.

ఒక మాట ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. గర్వం నెత్తికెక్కుతుందని దాచాను. జూన్ 29, నువ్వు పెద్దాయన్ని చూసి తిరిగొచ్చిన సోమవారం. నేను మంచం మీదే ఉన్నాను, లేవలేను. ఆరున్నరకి హాల్లో చప్పుడైతే తల తిప్పి చూశాను. నువ్వింకా రాలేదు. బస్సు చేరిందో లేదో కూడా తెలియదు. ఎవర్ని పిలవాలా అని ఆలోచిస్తున్నాను. అది తలుపు ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో బూట్లు లేవు.

కాళ్ళకి వేసుకుంది. లేసులు కూడా కట్టుకుంది.

నువ్వు వచ్చింది ఏడుకి పది నిమిషాల ముందు.

మీ అక్క